డెల్టాలో ఊరి శివారు ఇల్లు: లేఅవుట్ స్థలమా, బిల్డర్ కట్టిన ఇల్లా, పాత పెంకుటిల్లా, ఫ్లాటా?

గోదావరి జిల్లాల్లో ఇళ్ల బేరాలు చాలావరకు సంక్రాంతికే కుదురుతాయి. హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ అమెరికా నుంచీ అందరూ దిగుతారు. వాతావరణం చల్లగా ఉంటుంది, రోడ్లు పొడిగా ఉంటాయి, చేలల్లో రెండో పంట దాళ్వాకు నాట్లు పడుతుంటాయి. "మన ఊరి శివార్లోనే కొత్త లేఅవుట్ వేశారు బావా, ఓసారి చూసొద్దాం పద" అని ఎవరో ఒకరు అంటారు. కనుమ వెళ్లేలోపు అడ్వాన్సు ఇచ్చేస్తారు.

ఇల్లు చూడటానికి ఏడాది మొత్తంలో ఇంతకంటే తప్పుడు సమయం లేదు. డెల్టాలో ఇంటికొచ్చే కష్టాల్లో ముప్పాతిక వంతు నీళ్లతోనే వస్తాయి. వానాకాలంలో ఎక్కువై ఒకలా, ఎండాకాలంలో లేక ఒకలా. జనవరిలో ఆ రెండూ కనబడవు. అందుకే ఇల్లు ఎలా ఉందన్నది తర్వాత చూడొచ్చు, ముందు నేల సంగతి తేల్చుకోమంటాను. నేల మంచిదైతే ఇల్లు ఎలాంటిదైనా బాగు చేసుకోవచ్చు. నేల పల్లమైతే గ్రానైట్ పరిచినా, ఎలివేషన్‌కి లైట్లు పెట్టినా ప్రయోజనం లేదు.

ముందు మెరక

ధవళేశ్వరం దాటాక సముద్రం దాకా నేల చాప పరిచినట్టే ఉంటుంది. వాలు చాలా తక్కువ. అందుకే ఇక్కడ అడుగు ఎత్తు తేడా కూడా పెద్ద తేడానే. పూర్వీకులకు ఈ సంగతి బాగా తెలుసు. ఊరు మెరక మీద కట్టుకుని పల్లాన్ని వరికి వదిలేశారు. ఇప్పుడు పట్నాలు పెరుగుతున్నది ఆ వరిచేల మీదికే. అంటే కొత్త కాలనీల్లో చాలావరకు, ఒకప్పుడు నీళ్లు నిలవాలని గట్లు వేసిన నేల మీదే ఉన్నాయన్నమాట.

మెరక ఎంతో అమ్మేవాణ్ని అడిగితే చెప్పడు. బ్రోకరైతే "ఊరంతా మునిగినా ఇక్కడికి చుక్క రాదండీ" అని ప్రతి స్థలం దగ్గరా ఒకే మాట అంటాడు. పాలు పోసే అతన్నీ, వీధి చివర టీ కొట్టాయననీ, కరెంటు లైన్‌మన్‌నీ అడగండి. అదీ "ఇక్కడ నీళ్లు వస్తాయా?" అని కాదు. అలా అడిగితే అందరూ లేదనే అంటారు. "కిందటి తుపానుకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?" అని అడగండి. అప్పుడు చెయ్యి చాపి చూపిస్తారు.

మనుషులు చెప్పకపోయినా ఇళ్లు చెబుతాయి. పక్కిళ్ల వాళ్లు నీళ్ల మోటారు నేల మీదే పెట్టారా, నడుమెత్తు దిమ్మ కట్టి దాని మీద పెట్టారా? ప్రహరీ గోడ మీద కింది నుంచి ఒకే ఎత్తులో రంగు పొంగి, తెల్లటి ఉప్పు పేరుకున్న గీత ఉందా? గుమ్మం ముందు మెట్లు ఎన్ని? పాతికేళ్ల కింద మూడడుగుల అరుగుతో కట్టిన ఇళ్లు కొన్ని వీధుల్లో ఇవాళ రోడ్డుతో సమానమయ్యాయి. కొన్నింట్లోకైతే రోడ్డు మీంచి రెండు మెట్లు దిగి వెళ్లాలి. ఇల్లు కుంగలేదు, రోడ్డే లేచింది. పాతది తవ్వకుండా దాని మీదే మళ్లీ మళ్లీ సీసీ రోడ్డు పోసుకుంటూ వచ్చారు. మట్టి రోడ్డున్న వీధిలో కొంటుంటే ఇక్కడ ఇంకా సీసీ రోడ్డు పడాల్సి ఉందని లెక్క వేసుకోండి.

రెండోది, నీరు ఎటు పోతుంది? సైడు డ్రెయిన్ ఉందని సంతోషపడకండి, దాని వెంట నడుచుకుంటూ వెళ్లండి. చాలా లేఅవుట్లలో అది చివరి స్థలం దాకా వెళ్లి పంట బోదెలో కలుస్తుంది, లేదా ఖాళీ చేలో ఆగిపోతుంది. ఆ చేను రేపు ఇంకో లేఅవుటై వాళ్లూ మెరక చేసుకుంటే మీ వీధి నీళ్లకు దారుండదు. బోదె నుంచి మురుగు కాలువ, అక్కడి నుంచి పెద్ద డ్రెయిన్, దాన్నుంచి సముద్రం, ఇదీ నీళ్లు పోవాల్సిన దారి. ఈ దారిలో గుర్రపుడెక్క ఎక్కడ అల్లుకున్నా నీరు వెనక్కి తంతుంది. సముద్రానికి దగ్గరి ఊళ్లలో పోటు వేళ డ్రెయిన్లు లాగవు. ఈశాన్య రుతుపవనాల వానలూ తుపాన్లూ వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. చూడాలంటే అప్పుడే చూడాలి.

ఏటిగట్టుకు ఏ పక్కన ఉందన్నది వేరే సంగతి. గట్టుకూ నదికీ మధ్య లంక స్థలాలు చవగ్గా వస్తాయి, కొబ్బరి బాగా కాస్తుంది, చూడముచ్చటగా ఉంటాయి. కానీ వరద నీళ్లు వచ్చేదీ అక్కడికే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. 1986 ఆగస్టు వరదలో దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. లంకలో పుట్టి పెరిగినవాళ్లకు ఆ నీటితో ఎలా బతకాలో తెలుసు. బయటి నుంచి వచ్చి ఇల్లు కొనేవాళ్లకు లంక వద్దు. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

తాగే నీళ్లు, ఇంట్లో వాడే నీళ్లు

"చుట్టూ నీళ్లే కదా" అని బయటివాళ్లు అనుకుంటారు. వేసవిలో కాలువలు కట్టేస్తారు. మళ్లీ జూన్‌లో వదిలేదాకా మంచినీటి చెరువుల్లో నింపుకున్న నీళ్లే గతి. మున్సిపాలిటీ చెరువు పెద్దదైతే గండం గడుస్తుంది. శివారు పంచాయతీ చెరువు చిన్నదైతే మే నెలలో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, ఆ వచ్చేవీ పచ్చగా వస్తాయి. కాబట్టి ఇల్లు మున్సిపాలిటీలో ఉందా, పక్క పంచాయతీలో ఉందా అన్నది పన్ను కోసం కన్నా నీళ్ల కోసం అడగాలి.

బోరు నీళ్లు నోట్లో వేసుకుని చూడండి. భీమవరం, నరసాపురం వైపు, ఇంకా రొయ్యల చెరువులున్న ప్రతిచోటా బోరు ఉప్పగా ఉండొచ్చు. తాగడానికి ఎలాగూ 20 లీటర్ల టిన్నులు తెప్పించుకుంటారు. అసలు ఇబ్బంది మిగతా వాడకంలో. గీజరు కాయిల్ పోతుంది, కుళాయిలు పాచిపడతాయి, జుట్టు రాలుతోందని ఇంట్లో రోజూ గొడవ. అంతకంటే ముఖ్యం, ఆ నీళ్లతోనే కాంక్రీటు కలిపి, ఆ నీళ్లతోనే స్లాబు తడిపితే లోపల ఇనుము తుప్పు పట్టి కొన్నేళ్లకు పెచ్చులూడుతుంది.

మట్టి, మురుగు, వాసన

డెల్టాలో చాలాచోట్ల నల్ల బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. దాంతో పాటు పునాదీ కదులుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకే పగుళ్లు కనిపిస్తే కారణం చాలాసార్లు అదే. అన్నింటికంటే ప్రమాదం పూడ్చిన చేపల చెరువు. పైకి గ్రావెల్ పోసి చదును చేశాక ఎవరికీ తెలియదు. కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ ప్రో తెరిచి అదే చోటికి వెళ్లి పాత సంవత్సరాల చిత్రాలు చూడండి. అక్కడ చెరువుండేదో, చేనుండేదో, కొబ్బరితోట ఉండేదో తేలిపోతుంది. దానికి పైసా ఖర్చు లేదు.

సెప్టిక్ ట్యాంకు గురించి ఎవరూ అడగరు. వానాకాలంలో భూగర్భ జలం బాగా పైకి వచ్చేచోట సిమెంటు ఒరలు దించి వదిలేసిన ట్యాంకులోంచి నీరు ఇంకదు. పైగా బయటి నీరే లోపలికి ఊరుతుంది. బాత్రూముల్లో నీళ్లు పోవడం లేదని ప్లంబర్ని పిలుస్తారు, తప్పు ప్లంబింగ్‌ది కాదు. ట్యాంకు నేల మట్టానికి ఎంత ఎత్తున ఉంది, పొంగితే ఎటు పోతుంది అన్నది అడగండి.

ఇక చుట్టుపక్కల. రైస్ మిల్లు ఉంటే గాలి మీవైపు తిరిగినప్పుడు ఊక బూడిద డాబా మీద నల్లగా పడుతుంది, ఉతికిన బట్టలు మళ్లీ ఉతకాలి. రొయ్యల షెడ్డు దగ్గరుంటే వాసన. ఫంక్షన్ హాలు పక్కనైతే పెళ్లిళ్ల సీజన్లో డీజే. కోడిపందేల బరి వేసే తోట పక్కనైతే పండగ మూడు రోజులూ మీ గేటు ముందు ఎవరెవరివో కార్లు ఉంటాయి. ఆ కార్లు మీ బంధువులవే కావచ్చు, అది వేరే సంగతి. కోనసీమలో అయితే గ్యాస్ పైపులైన్ గుర్తు రాళ్లు ఎక్కడున్నాయో తప్పకుండా చూసుకోవాలి. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైన్ పేలి ఇళ్లూ మనుషులూ కాలిపోయారు.

నాలుగు దారులూ ఒకచోట

| చూడాల్సింది | లేఅవుట్‌లో కట్టుకోవడం | బిల్డర్ కట్టిన ఇల్లు | ఊళ్లో పాత ఇల్లు | ఫ్లాట్ |
|---|---|---|---|---|
| మెరక | మీరే చేసుకోవాలి | బిల్డర్ ఎంత చేస్తే అంత | నేల మంచిది, రోడ్డు లేచి ఉండొచ్చు | ఇంట్లోకి రాదు, పార్కింగ్‌లోకి రావచ్చు |
| పునాది | మీ కళ్ల ముందే పడుతుంది | కనబడదు | ఏళ్ల తరబడి పరీక్ష అయిపోయింది | కనబడదు |
| నీళ్లు | కుళాయి లైను ఉందో లేదో | లేఅవుట్‌ని బట్టి | కుళాయి, తరచూ పాత బావి కూడా | అందరికీ కలిపి బోరు, ట్యాంకరు |
| కాగితాలు | అనుమతి ముఖ్యం | ప్లాను ముఖ్యం | వాటాదారుల సంతకాలు ముఖ్యం | భూమిలో వాటా ముఖ్యం |
| బ్యాంకు లోను | అనుమతి ఉంటే వస్తుంది | సులువు | చాలాసార్లు కష్టం | సులువు |
| దిగడానికి | ఏడాదికి పైనే | వెంటనే | కొన్ని నెలలు | వెంటనే |
| తుపాను రోజుల్లో | ఖాళీ వీధిలో ఒంటరి | అదే | పలకరించే మనుషులుంటారు | లిఫ్టు, మోటారు రెండూ ఆగుతాయి |

లేఅవుట్‌లో స్థలం కొని కట్టుకోవడం

చేతిలో సమయం ఉండి, దగ్గరుండి చూసుకునే మనిషి ఉంటే నాలుగింటిలో ఇదే మంచిది. పునాది నుంచి పైకప్పు దాకా ఏం పోశారో మీకు తెలుస్తుంది. కానీ స్థలం ధర ఒక్కటే చూసి ఖర్చు లెక్క వేస్తే దెబ్బతింటారు.

అయిదు సెంట్ల స్థలం తీసుకుందాం. సెంటుకు 48.4 గజాలు, మొత్తం 242 గజాలు, అంటే 2,178 చదరపు అడుగులు. దాన్ని మూడడుగులు మెరక చేయాలంటే 6,500 ఘనపుటడుగుల పైచిలుకు మట్టి కావాలి. వంద ఘనపుటడుగుల యూనిట్ లెక్కన 65 యూనిట్లు. పోసిన మట్టి దిగుతుంది కాబట్టి ఇంకా కొంత కలుపుకోవాలి. గ్రావెల్ మెట్ట ప్రాంతం నుంచి రావాలి, సముద్రం వైపు వెళ్లే కొద్దీ కిరాయి పెరుగుతుంది. చివరి డెల్టాలో చవగ్గా దొరికిన స్థలానికి మెరక ఖర్చూ పునాది ఖర్చూ కలిపితే ఎగువన ఖరీదైన స్థలంతో సమానమైన సందర్భాలు తక్కువేం కాదు.

మెరక చేసిన వెంటనే కట్టకండి. ఒక వానాకాలం తడవనివ్వండి. నల్లమట్టి అయితే మట్టి పరీక్ష చేయించి, ఇంజినీరు చెబితే నేలలోకి లోతుగా దించే పైల్ పునాది వేయించండి. మేస్త్రి "మన ఏరియాలో ఎవరూ వేయించరండీ" అంటాడు. అనుభవం ఉన్నవాడే, కాదనను. కానీ పగుళ్లొచ్చాక గోడకు పట్టీ వేయించుకునేది మీరు, ఆయన కాదు.

ఇంకో చిక్కు ఇరుగుపొరుగు. లేఅవుట్‌లో స్థలాలన్నీ అమ్ముడై ఉంటాయి, ఇళ్లు మాత్రం పదికి రెండో మూడో. మిగతా ఓనర్లు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటారు. ఆ ఖాళీ స్థలాల్లో పిచ్చిమొక్కలు, నిలవ నీళ్లు, దోమలు, పక్క చేలోంచి పాములు. ఆర్చీ, పామ్ చెట్లూ చూసి మోసపోకుండా ఎన్ని డాబాల మీద బట్టలు ఆరేసి ఉన్నాయో లెక్కపెట్టండి. కాపురాలున్న ఇళ్లెన్నో తేలిపోతుంది.

కాగితాల విషయానికొస్తే, "పంచాయతీ తీర్మానం ఉందండీ" అంటే సరిపోదు. డీటీసీపీ (పట్టణ, గ్రామీణ ప్రణాళికా శాఖ) అనుమతిగానీ ఆ ప్రాంత అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ అనుమతిగానీ నంబరుతో సహా చూపించాలి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్లకు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు ఉండాలి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడగాలి. దేవుడి మాన్యం, ప్రభుత్వం పేదలకిచ్చిన ఎసైన్డ్ భూమి, కాలువ గట్టు పోరంబోకు ఈ జిల్లాల్లో లేఅవుట్ల అంచుల్లో తరచూ కలిసిపోతుంటాయి.

బిల్డర్ కట్టిన ఇల్లు

తాళం చేతికి తీసుకుని పాలు పొంగించుకోవడమే. లోను తేలిగ్గా వస్తుంది, కట్టించే టెన్షన్ లేదు. అయితే కంటికి కనిపించే భాగానికి బిల్డర్ పెట్టిన ఖర్చు, కనబడని భాగానికి పెట్టాడా అన్నదే అనుమానం.

పునాది వేసేటప్పటి ఫోటోలు అడగండి. ఇవాళ అందరి ఫోన్లలోనూ ఉంటాయి, లేవన్నారంటే అనుమానించాల్సిందే. ప్లింత్ బీము (పునాది మీద, గోడల కింద చుట్టూ పోసే కాంక్రీటు దూలం) ఉందో లేదో, కట్టడానికి ఏ నీళ్లు వాడారో అడగండి. ఉప్పు నీళ్ల ఊళ్లలో మంచి బిల్డర్లు కాలువ నీళ్లు ట్యాంకరుతో తెప్పిస్తారు, ఆ మాట గర్వంగా చెబుతారు కూడా. మంజూరైన ప్లానూ, కట్టిన ఇల్లూ పక్కపక్కన పెట్టి చూడండి. మూడు వైపులా గోడలు హద్దు దాకా లాగేస్తే కిటికీ తెరిస్తే పక్కింటి గోడే. రెండు సెంట్లలో డూప్లెక్సులు ఇప్పుడు బాగా కడుతున్నారు. ఫోటోల్లో బావుంటాయి గానీ కింద ఒక గది, పైన రెండు గదులు, మధ్యలో నిటారు మెట్లు. మోకాళ్ల నొప్పులున్న అమ్మను తీసుకెళ్లి ఒకసారి ఎక్కించి దింపండి. అప్పుడు నిర్ణయం దానంతటదే అయిపోతుంది.

వీలైతే కొత్తగా రంగులేసిన ఇల్లు కాకుండా, కనీసం ఒక వానాకాలం గడిచిన ఇల్లు చూడండి. చెమ్మ ఎక్కడ ఎక్కిందో మొదటి ఏడాదే బయటపడుతుంది.

ఊళ్లో పాత ఇల్లు

పట్నం పెరిగి పక్క ఊళ్లను కలిపేసుకుంటోంది. భీమవరం పక్కన రాయలం, చినమిరం, విస్సాకోడేరు ఇప్పుడు పల్లెటూరో పట్నమో చెప్పడం కష్టం. అలాంటి ఊళ్ల నడిబొడ్డున పాత పెంకుటిళ్లూ, 1980ల నాటి డాబాలూ అమ్మకానికి వస్తుంటాయి. పిల్లలు దూరాన స్థిరపడ్డారు, పెద్దవాళ్లు పోయారు, ఇంటికి తాళం. నన్నడిగితే ఈ దారిని అందరూ తొందరపడి కొట్టిపారేస్తున్నారు.

లాభం ఏమిటంటే నేల. అది ఊరి మెరక. 1986 వరదకూ, 1996 నవంబరు తుపానుకూ ఆ వీధి ఎలా తట్టుకుందో చెప్పడానికి ఎదురింటి అరుగు మీద మనిషి ఉంటాడు. కుళాయి ఉంటుంది, బడీ గుడీ కిరాణా కొట్టూ నడిచే దూరంలో ఉంటాయి, పెరట్లో కొబ్బరి చెట్టూ కరివేపాకు మొక్కా ఉంటాయి. తుపానుకు కరెంటు రెండు రోజులు పోతే పక్కింటి నుంచి గ్లాసుతో కాఫీ వస్తుంది.

నష్టాలూ చిన్నవేం కావు. పెంకుటింటికి దూలాలూ వాసాలూ ప్రాణం. తాడి వాసాలకు చెద పట్టిందో లేదో స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడాలి. పెంకు నేసేవాళ్లు తగ్గిపోయారు. 1996 తుపాను కోనసీమలో పెంకుటిళ్ల మీద కొబ్బరి చెట్లు కూల్చేసింది కాబట్టి, ఇంటి మీదికి వాలిన చెట్టును చూసీ చూడనట్టు వదలకూడదు. పాత డాబా అయితే స్లాబు అడుగున కర్రతో కొట్టి చూడండి, బోలుగా మోగినచోట లోపల ఇనుము తుప్పు పట్టి ఉంటుంది. ఇల్లు గట్టిదే గానీ రోడ్డు కంటే దిగిపోయిందంటే జాకీలు పెట్టి మొత్తం ఇంటిని పైకి లేపే పనివాళ్లు ఉన్నారు. ఖర్చుతో కూడిన పనే, కానీ కొత్తగా కట్టడం కంటే తక్కువలో అయ్యే ఇళ్లూ ఉన్నాయి.

అసలు తలనొప్పి కాగితాలు. గ్రామకంఠంలో, అంటే ఊరి పాత నివాస స్థలంలో ఇల్లైతే చాలాసార్లు పాత దస్తావేజూ, ఇంటి పన్ను రసీదూ తప్ప ఏమీ ఉండవు, బ్యాంకులు వెనకాడతాయి. వాటాదారులు ముగ్గురు అన్నదమ్ములేనని చెబుతారు. ఆడపడుచులు ఎందరని అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు వచ్చింది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో దేశమంతటా కూతుళ్లకు కొడుకులతో సమానంగా వచ్చింది. "మా అక్కయ్యకు ఏమీ అక్కర్లేదండీ" అన్న మాట కాగితం కాదు. ఆ అక్కయ్య సంతకం కావాలి, ఆవిడ లేకపోతే ఆవిడ పిల్లల సంతకాలు కావాలి. ఇది తేలకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఫ్లాట్

శివారులో ఫ్లాట్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఒంటరి పెద్దవాళ్లకూ, ఏడాదిలో ఎక్కువ భాగం తాళం వేసి ఉంచేవాళ్లకూ పనికొస్తుంది. గచ్చు దాకా నీళ్లు రావు, దొంగల భయం తక్కువ. భూమిలో మీ వాటా ఎన్ని గజాలో దస్తావేజులో చూసుకోండి. పార్కింగ్ నేల మట్టానికే ఉండాలి, నేల కిందికి తవ్విన సెల్లార్ డెల్టాలో మోటారుతో నీళ్లు తోడుకోవడానికి తప్ప పనికిరాదు. జనరేటరు లిఫ్టుకూ నీళ్ల మోటారుకూ రెండింటికీ ఉందా అన్నది అడగాలి. చిన్న పట్నాల్లో ఇంకా జనం మనసు నేల మీదే ఉంది కాబట్టి మళ్లీ అమ్మేటప్పుడు స్థలం ఉన్న ఇంటికి పలికిన ధర ఫ్లాటుకు పలకదు.

ఏ ఊరి శివారు?

రాజమహేంద్రవరంలో దివాన్‌చెరువు, బొమ్మూరు వైపు మెట్ట నేల. పునాది ఖర్చు తగ్గుతుంది, ముంపు భయం తక్కువ. అదే ఊళ్లో ఆవ అనే పల్లపు నేలల వైపు వెళితే కథ వేరు, ఊరి పేరు చూసి కాకుండా వీధి చూసి కొనాలి. కాకినాడలో వీధులు తీరుగా ఉంటాయి, చదువులూ ఆసుపత్రులూ ఉన్నాయి, కానీ నేల సముద్రమట్టానికి దగ్గర, ఉప్పుగాలికి గ్రిల్సూ గేట్లూ త్వరగా తుప్పు పడతాయి. భీమవరం 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రం, స్థలాల ధరలూ ఆ స్థాయిలోనే ఉన్నాయి. నల్లమట్టి, ఉప్పు బోర్లు, యనమదుర్రు డ్రెయిన్ వాసన మూడూ కలిపి లెక్క వేసుకోవాలి. అమలాపురం వైపు తేలిక మట్టి, కొబ్బరి నీడ, చాలాచోట్ల తియ్యటి నీళ్లు. ఉండటానికి హాయి. కానీ రైలు లేదు, ఎటు వెళ్లాలన్నా వంతెన దాటాలి. రావులపాలెం వైపో, ఎదుర్లంక వైపో, బోడసకుర్రు వైపో. గుండె జబ్బున్న మనిషి ఇంట్లో ఉంటే అర్ధరాత్రి పెద్దాసుపత్రికి ఎంతసేపు పడుతుందో ఒకసారి కారులో వెళ్లి చూసుకోవాలి.

నా ఓటు మాత్రం తణుకు, రావులపాలెం, మండపేట లాంటి ఎగువ డెల్టా ఊళ్లకు. సముద్రానికి దూరం, నీళ్లు తొందరగా లాగుతాయి, తణుకూ రావులపాలెమూ జాతీయ రహదారి మీదే ఉన్నాయి. మండపేటలో రైస్ మిల్లులు ఎటున్నాయో చూసుకుని కొనండి.

ఎవరికి ఏది?

రిటైరై వెనక్కి వచ్చే దంపతులకు, కాగితాలు శుభ్రంగా ఉంటే ఊళ్లో పాత ఇల్లు మొదటి ఎంపిక. కావాలంటే ఆ ఇల్లు తీసేసి అదే మెరక మీద ఒక అంతస్తు కట్టుకోవచ్చు. ఊరవతల లేఅవుట్‌లో మొదటి ఇల్లు కట్టుకోవడం అరవై దాటాక వద్దు.

చిన్నపిల్లలున్న ఉద్యోగస్తులకు లోను ముఖ్యం, బడి బస్సు ముఖ్యం. సగానికి పైగా ఇళ్లు నిండిన, అనుమతి ఉన్న లేఅవుట్‌లో ఒకటి రెండేళ్ల పాత ఇల్లు వాళ్లకు నప్పుతుంది. అమ్మానాన్నలు కూడా దగ్గరే ఉంటే కింద ఒక పడగ్గదీ, పెద్ద తలుపున్న బాత్రూమూ లేని ఇల్లు ఎంత చవగ్గా వచ్చినా వదిలేయాలి.

విదేశాల్లో ఉండి "ఊళ్లో ఒక ఇల్లుండాలి" అనుకునేవాళ్లు ఇల్లు కంటే ముందు మనిషిని వెతుక్కోవాలి. వారానికోసారి తలుపులు తీసి, ట్యాంకు చూసి, గడ్డి పీకించే మనిషి లేకపోతే డెల్టా చెమ్మకు మూసిన ఇల్లు రెండేళ్లలో బూజు పట్టి పాడవుతుంది. అలాంటి మనిషి లేనివాళ్లకు ఫ్లాటే మేలు.

ఇంకా తేల్చుకోలేకపోతే నచ్చిన వీధిలోనే ఏడాది అద్దెకుండండి. ఈ పట్నాల్లో అద్దెలు ఇళ్ల ధరలతో పోలిస్తే బాగా తక్కువ. అది కూడా కుదరదు, ఈ సంక్రాంతికే బేరం తేలాలి అంటే, అడ్వాన్సు చిన్నది ఇచ్చి అగ్రిమెంటు గడువు ఎక్కువ పెట్టించండి. లీగల్ ఒపీనియన్ తేడాగా వస్తే అడ్వాన్సు వాపసు ఇవ్వాలన్న మాట అగ్రిమెంటులోనే రాయించండి. మే నెలలో ఎవరినైనా పంపి కుళాయి తిప్పించండి, రిజిస్ట్రేషన్ ఆ తర్వాతే పెట్టుకోండి.